పాతదే లేచిందా, కొత్తది అంటిందా? టీబీ క్రిమి వంశం చెప్పే సంగతులు

గాజువాక నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వాళ్ల నాన్నగారికి 2013లో ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర డబ్బా మాత్రలు వాడారు. నాలుగు నెలలకే ఒళ్లు తేలికపడిందని మానేశారు. ఇప్పుడు మళ్లీ దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. తెమడలో క్రిమి జన్యువుని చూసే సీబీనాట్ పరీక్షలో టీబీ ఉందనీ, టీబీకి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందు పనిచేయదనీ వచ్చింది. ఆ అబ్బాయి అడిగినవి ఇవి: పాత టీబీయే మళ్లీ లేచిందా, కొత్తగా ఎవరి నుంచైనా అంటుకుందా? కరోనాలాగా ఇది కూడా రూపం మార్చుకుంటోందా? బీజింగ్ రకం అని ఒకటుందట, అది మన దాకా వచ్చిందా? చివర్లో ఒక మాట రాశారు: నాన్న మాత్రలు మానేయడం వల్లే ఇదంతా జరిగిందని ఇంట్లో రోజూ గొడవ అవుతోందట.

బాబూ, మీ చివరి మాట చదివాకే ఇంత పొడుగ్గా రాయాలనిపించింది. నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లకు పైగా టీబీ ల్యాబులో బెంచీ ముందు కూర్చుని, తెమడ పరీక్షలూ కల్చర్లూ చేసి రిటైరైన మనిషిని. ఏ మందు వాడాలో మీ డాక్టరుగారే చెప్పాలి. ఆ క్రిమి ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా మారుతుంది, మీ నాన్నగారి రిపోర్టులో ఆ మార్పు ఎలా కనిపించింది అన్నది మాత్రం నేను చెప్పగలను.

ముందు కరోనా సంగతి. కరోనా వైరస్ జన్యుపదార్థం సుమారు 30 వేల అక్షరాల పొడవు. అంత చిన్నదాంట్లోనే నెలకి రెండు అక్షరాల దాకా మారుతూ వచ్చింది. టీబీ క్రిమి, అంటే మైకోబాక్టీరియం ట్యూబర్క్యులోసిస్, జన్యుపదార్థం 44 లక్షల అక్షరాలు. దాన్ని మొత్తంగా మొదటిసారి చదివింది 1998లో. ఈ 44 లక్షల అక్షరాల్లో ఏడాదికి మారేది సగటున అర అక్షరం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. అంటే రెండేళ్లకో మూడేళ్లకో ఒక్క అక్షరం. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. మీ నాన్నగారి విషయంలో దీంతో పనుంది.

అది పెరగడమే నెమ్మది. కడుపులో ఉండే ఈ.కోలై అనువైన చోట దొరికితే 20 నిమిషాలకి ఒకటి రెండవుతుంది. టీబీ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. మా రోజుల్లో కల్చర్‌కి, అంటే తెమడలోని క్రిమిని పెంచి చూడడానికి, కోడిగుడ్లు కడిగి, స్పిరిట్‌తో తుడిచి, పగలగొట్టి, గిలకొట్టి ఎల్‌జే మీడియం చేసుకునేవాళ్లం. ఆకుపచ్చగా ఉండే ఆ గుడ్డు మీడియం మీద తెమడ వేసి ఆరు, ఎనిమిది వారాలు చూసేవాళ్లం. అప్పటికి గరుకుగా, లేత బిస్కట్ రంగులో, కాలీఫ్లవర్ ముక్కల్లాంటి కాలనీలు లేచేవి. రోగి మాత్రం మొదటివారం నుంచే కిటికీ దగ్గరికొచ్చి "అమ్మా, రిపోర్టు వచ్చిందా?" అని అడుగుతూ ఉండేవాడు.

ఇంకొక సంగతి ఉంది, అసలు కీలకం అదే. చాలా బాక్టీరియాలు ఒకదాని దగ్గర ఇంకొకటి జన్యువుల్ని అప్పు తెచ్చుకుంటాయి. పక్కింటికెళ్లి గ్లాసుడు చింతపండు రసం తెచ్చుకున్నంత తేలిగ్గా, మందుని తట్టుకునే జన్యువుని వేరే జాతి బాక్టీరియా నుంచి కూడా తెచ్చేసుకుంటాయి. ఆసుపత్రుల్లో మందులకి లొంగని ఇన్ఫెక్షన్లు అంత వేగంగా పాకడానికి అది పెద్ద కారణం. మనుషుల్లో టీబీ తెచ్చే క్రిమికి ఈ అప్పు పుట్టదు. తల్లి కణం నుంచి వచ్చిందే దానికి ఆస్తి. మారితే తన రాతలో తాను చేసుకున్న తప్పు వల్లే మారాలి.

తాళపత్రాల కాలంలో ఒక ప్రతిని చూసి ఇంకొకరు రాసుకునేవారు కదా. ఒక లేఖకుడు ఒక అక్షరం తప్పు రాస్తే, ఆయన ప్రతిని చూసి రాసిన వాళ్లందరిలో అదే తప్పు ఉంటుంది. అలాంటి తప్పుల్ని పట్టుకునే ఏ ప్రతి ఏ ప్రతి నుంచి పుట్టిందో పండితులు తేలుస్తారు. టీబీ క్రిమి వంశవృక్షాన్ని తేల్చిన పద్ధతి సరిగ్గా ఇదే. జన్యువుల అప్పులు లేవు కాబట్టి చెట్టు చాలా శుభ్రంగా వస్తుంది. ఒక కొమ్మలో పుట్టిన తప్పు ఇంకో కొమ్మలోకి దూకదు.

అలా చెట్టు గీస్తే మనుషుల టీబీలో ఇప్పటికి తొమ్మిది పెద్ద కొమ్మలు బాగా స్థిరపడ్డాయి. వాటిని లీనియేజ్ 1, 2 అని అంకెలతో పిలుస్తారు. నేను మొదటి వంశం, రెండో వంశం అని రాస్తాను. మొదటిది హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్నది. రెండోది తూర్పు ఆసియాది, మీరు విన్న బీజింగ్ రకం ఇందులోదే. మూడోది ఉత్తర భారతం, పాకిస్తాన్, తూర్పు ఆఫ్రికాల్లో ఎక్కువ. నాలుగోది యూరప్, అమెరికాల్లో ఎక్కువ, ప్రపంచమంతా పాకింది. అయిదు, ఆరు పశ్చిమ ఆఫ్రికాకే పరిమితం. ఏడోది ఇథియోపియాలో కనబడింది. ఎనిమిదోది 2020లో రువాండా, ఉగాండాల నుంచి, తొమ్మిదోది 2021లో తూర్పు ఆఫ్రికా నుంచి బయటికొచ్చాయి. ఇన్ని కొమ్మలున్నా ఏ రెండింటిని పక్కపక్కన పెట్టినా 99.9 శాతానికి పైగా ఒకటే రాత. దూరపు చుట్టాల మధ్య కూడా తేడా రెండు వేల అక్షరాల చిల్లర.

ఇన్ని కొమ్మలూ ఆఫ్రికాలో దొరుకుతాయి, కొన్ని అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకవు. వీటన్నిటికీ దూరపు బంధువైన మైకోబాక్టీరియం కనెట్టీ కూడా ఎక్కువగా జిబూటీ చుట్టుపక్కలే కనిపిస్తుంది. దాని కాలనీలు మన టీబీ కాలనీల్లా గరుకుగా ఉండవు, నున్నగా మెరుస్తాయి. అది జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటుంది కూడా. అందుకే టీబీ పుట్టిల్లు ఆఫ్రికా అన్నదాని మీద పెద్దగా పేచీ లేదు.

పేచీ అంతా వయసు దగ్గర. 2013లో 259 జీనోముల్ని, అంటే క్రిముల మొత్తం జన్యురాతల్ని, పోల్చిన ఒక బృందం, ఈ క్రిమి మనిషితోపాటే 70 వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి బయల్దేరిందని చెప్పింది. మరుసటి ఏడాదే ఇంకో బృందం పెరూ దేశంలో సుమారు వెయ్యేళ్ల నాటి మూడు అస్థిపంజరాల నుంచి టీబీ జన్యుపదార్థం తీసింది. యూరప్ వాళ్లు అమెరికాలో అడుగుపెట్టకముందు చనిపోయిన మనుషులు వాళ్లు. వాళ్లలో ఉన్న క్రిమి ఏ మనుషుల వంశానికీ దగ్గరగా లేదు. సముద్రంలో తిరిగే సీల్ జంతువుల్లో ఉండే రకానికి దగ్గరగా ఉంది! ఆఫ్రికా ఒడ్డున అంటించుకున్న సీళ్లు సముద్రం దాటి ఆ జబ్బుని అక్కడి బెస్తవాళ్లకి ఇచ్చి ఉంటాయన్నమాట. ఆ పాత ఎముకల వయసుని కొలబద్దగా పెట్టి లెక్కేస్తే, ఇప్పుడున్న టీబీ కుటుంబం మొత్తానికి మూలపురుషుడి వయసు ఆరు వేల ఏళ్ల లోపే తేలింది. నాకు ఈ రెండో లెక్క మీదే నమ్మకం. ఎముకల్లోంచి తీసిన అక్షరాలు మన కళ్ల ముందు ఉన్నాయి కాబట్టి. జాలరిపేట వైపు నడిచినప్పుడల్లా నాకు ఆ పెరూ బెస్తవాళ్లు గుర్తొస్తారు.

ఇక్కడే ఒక పాత నమ్మకం గురించి చెప్పాలి. నేను చదువుకునే రోజుల్లో టీబీ ఆవుల నుంచి మనుషులకి వచ్చిందని చెప్పేవారు. మనిషి పశువుల్ని మచ్చిక చేసుకున్నప్పుడు పాల ద్వారా అంటుకుందని పాఠం. 2002లో అది తలకిందులైంది. జన్యుపదార్థంలో ఒక ముక్క పూర్తిగా ఊడిపోతే, అప్పు పుట్టని ఈ క్రిమికి అది మళ్లీ రాదు. తాళపత్రంలో ఒక ఆకు పోయిన ప్రతిని చూసి రాసుకున్నవాళ్లు ఆ ఆకుని ఎక్కడి నుంచి తెస్తారు? ఏ రకంలో ఏ ముక్కలు పోయాయో చూస్తే, పశువుల టీబీలో మనుషుల టీబీ కన్నా ఎక్కువ ముక్కలు పోయి ఉన్నాయి. మనుషుల రకంలో ఉన్న ముక్కలు దాంట్లో లేవు. అలాంటప్పుడు అది తల్లి ఎలా అవుతుంది? బహుశా మనమే పశువులకి ఇచ్చాం. పశువుల నుంచి మనకి టీబీ అసలు రాదని కాదు. పాలు కాచి తాగాలన్న మాట అలాగే ఉంటుంది. పైగా మన దేశంలో వేలూరులో రోగుల నమూనాల్ని జీనోము స్థాయిలో చూసినప్పుడు, అందరూ అనుమానించే బోవిస్ రకం కాకుండా ఒరిగిస్ అనే ఇంకో పశువుల రకం కొద్దిమందిలో దొరికింది.

ముక్కల్ని లెక్కపెట్టిన ఆ 2002 నాటి పనిలోనే ఇంకో ముక్క సంగతి తేలింది. టీబీడీ1 అంటారు. రెండు, మూడు, నాలుగు వంశాల్లో అది పోయింది. మొదటి వంశంలో ఇంకా ఉంది. అందుకే మొదటి వంశాన్ని పాతకాపు అనీ, ఆ మూడింటినీ కొత్త తరం అనీ విడదీస్తారు. దక్షిణ భారతంలో ఎక్కువగా ఉండేది ఈ పాతకాపే. ఉత్తరానికి వెళ్లేకొద్దీ మూడో వంశం పెరుగుతుంది. మన ఉత్తరాంధ్ర తీరం ఆ దక్షిణాది పరిధిలోదే.

ఈ మొదటి వంశం గురించి కాస్త ఆగి చెబుతాను, ఇది మన ఇంటి మనిషి లాంటిది. దక్షిణ భారతం, శ్రీలంక, బర్మా, వియత్నాం, ఫిలిప్పీన్స్, ఇటు తూర్పు ఆఫ్రికా తీరం. మ్యాపులో చుక్కలు పెట్టి చూస్తే పూర్వం రుతుపవనాల గాలితో ఓడలు తిరిగిన దారి కనిపిస్తుంది. జీనోముల లెక్క ప్రకారం దక్షిణాసియా నుంచే ఇది ఆ తీరాలకి మళ్లీ మళ్లీ వెళ్లింది. మా తాతగారు విశాఖ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లి రైస్ మిల్లులో పనిచేసినవారు. ఆ రోజుల్లో ఈ తీరం నుంచి వేలమంది అలా వెళ్లారు. యుద్ధం వచ్చాక కొందరు, ఆ తర్వాత 1960ల్లో ఇంకొందరు తిరిగొచ్చారు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. మా తాతగారు దగ్గుతోనే తిరిగొచ్చారని మా నాన్న చెప్పేవారు. ఆయన ఊపిరితిత్తుల్లో ఉన్నది ఇక్కడి నుంచి తీసుకెళ్లిందో, అక్కడి నుంచి తెచ్చుకుందో. వంశం మాత్రం బహుశా ఒకటే.

మన దక్షిణాది క్రిమి పరిశోధకుల్ని చాలాసార్లు ఇబ్బంది పెట్టింది. 1960 ప్రాంతంలో మద్రాసు రోగుల నుంచి తీసిన క్రిముల్నీ బ్రిటన్ రోగుల క్రిముల్నీ గినీ పిగ్స్‌కి ఎక్కించి పోల్చితే, మద్రాసువి చాలావరకు తక్కువ తీవ్రత చూపించాయి. అదే క్రిమి ఇక్కడి మనుషుల్ని మాత్రం మామూలుగానే చంపుతోంది. తర్వాత 1990ల్లో క్రిమి వేలిముద్రలు తీసే పద్ధతి వచ్చింది. జన్యుపదార్థంలో ఐఎస్6110 అనే ముక్క ఎన్నిచోట్ల ఉందో చూసి ఒక రోగి క్రిమిని ఇంకో రోగి క్రిమితో పోల్చేవారు. బీజింగ్ రకంలో అది పది, ఇరవైచోట్ల ఉంటుంది కాబట్టి పట్టీలు స్పష్టంగా పడతాయి. మన దక్షిణాది క్రిముల్లో చాలావాటికి అది ఒక్కచోటే ఉంటుంది, కొన్నిటికి అసలే ఉండదు. ట్రైనింగులో ఆ ఫొటోలు చూసినప్పుడు అన్నిటికీ ఒకే గీత. ఎవరి నుంచి ఎవరికి అంటిందో చెప్పే దారే లేదు. ప్రపంచానికి పనికొచ్చిన పద్ధతి మన ఊళ్లో పనిచేయలేదు. ఒక చోటి క్రిమిని చూసి తయారుచేసిన పరీక్షని ఇంకో చోట గుడ్డిగా నమ్మకూడదని నేను నేర్చుకున్నది అప్పుడే.

బీసీజీ గురించి మీరు అడగలేదు కానీ, "చిన్నప్పుడు టీకా వేయించాం కదా" అని అందరూ అంటారు. ఆ టీకా కూడా పరిణామం పుట్టించిందే. పశువుల టీబీ క్రిమిని 1908 నుంచి 1921 దాకా 230 సార్లు ఒక మీడియం నుంచి ఇంకో మీడియంకి మారుస్తూ పెంచితే, జబ్బు కలిగించడానికి కావలసిన ఒక పెద్ద ముక్కని అది పోగొట్టుకుంది. పసిపిల్లల్లో మెదడుకి పాకే టీబీని అది బాగా ఆపుతుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఆపలేదని చెంగల్పట్టులో 1968లో మొదలై 15 ఏళ్లపాటు చూసిన పెద్ద అధ్యయనంలో తేలింది. కాబట్టి మీ నాన్నగారికి టీకా మచ్చ ఉందా లేదా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు.

నన్ను ఎక్కువగా కదిలించిన విషయం ఇంకొకటి ఉంది. మామూలుగా రోగక్రిములు మన రక్షణ కణాల కన్ను కప్పడానికి పైపై రూపం మార్చుకుంటాయి. మన కణాలు ఏ భాగాన్ని చూసి గుర్తుపడతాయో ఆ భాగమే వేగంగా మారాలి. 2010లో వేర్వేరు వంశాలకి చెందిన 21 టీబీ జీనోముల్లో, మన కణాలు గుర్తుపట్టే 491 భాగాల్ని పోల్చి చూశారు. మారి ఉంటాయనుకున్న ఆ భాగాలే అన్నిటికన్నా తక్కువ మారాయి! మనం గుర్తుపట్టడమే దానికి కావాలి. ఎందుకంటే ఊపిరితిత్తిలో గుంత పడేది క్రిమి ఒక్కదాని వల్ల కాదు, దానితో మన ఒళ్లు చేసే యుద్ధం వల్ల. ఆ గుంత శ్వాసనాళంలోకి తెరుచుకుంటేనే దగ్గులో క్రిమి బయటికొచ్చి ఇంకొకరిని చేరుతుంది. హెచ్ఐవీ ముదిరి రక్షణ కణాలు బాగా పడిపోయినవాళ్లలో ఇలాంటి గుంతలు తక్కువగా కనిపించడం కూడా ఈ మాటకి సరిపోతుంది. మన యుద్ధాన్నే తన వాహనం చేసుకుంది. మంచి టీకా తయారుచేయడం ఎందుకంత కష్టమవుతోందో దీన్ని బట్టి ఆలోచించండి.

ఇక రెసిస్టెన్స్, అంటే క్రిమి మందుకి లొంగకపోవడం. ఇంత నెమ్మదిగా మారే క్రిమి మందుని ఎలా తట్టుకుంటోంది అని మీకు సందేహం రావాలి. దానికి జవాబు తెలివిలో లేదు, సంఖ్యలో ఉంది. రిఫాంపిసిన్‌తో కలిపి ఇచ్చే ఇంకో ముఖ్యమైన మందు ఐసోనియాజిడ్‌ని తట్టుకునే మార్పు కొన్ని కోట్ల విభజనల్లో ఒకసారి వస్తుంది. రిఫాంపిసిన్‌ని తట్టుకునేది కొన్ని వందల కోట్ల విభజనల్లో ఒకసారి. ఊపిరితిత్తిలో ఒక గుంత పడితే అందులో పది కోట్లు, అంతకన్నా ఎక్కువ క్రిములు ఉండొచ్చు. అంటే మొదటి మాత్ర వేసుకోకముందే ఐసోనియాజిడ్‌కి లొంగని క్రిములు నాలుగైదు అక్కడ కూర్చునే ఉంటాయి. మందు రెసిస్టెన్స్‌ని పుట్టించదు, ముందే ఉన్నవాటికి చోటు ఖాళీచేసి ఇస్తుంది. ఒక్క మందే ఇస్తే మిగతావన్నీ చచ్చి ఆ నాలుగే రాజ్యమేలతాయి. రెండు మందులు కలిపి ఇస్తే రెండిటికీ లొంగని క్రిమి ఒకటి ఉండాలంటే ఆ రెండు అంకెల్నీ గుణించాలి. అన్ని క్రిములు మనిషి ఒంట్లో పట్టవు. టీబీకి నాలుగు మందులు కలిపి ఎందుకిస్తారో ఈ ఒక్క గుణకారంలో ఉంది. 1940ల్లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రోగులు మొదటి నెలల్లో బాగా కోలుకుని, తర్వాత చాలామంది మళ్లీ దిగజారారు. పాఠం అప్పుడే తెలిసింది.

తెలిసినా ఆచరణలోకి రాలేదు. 1990ల్లో మా మరిదికి టీబీ వచ్చింది. పోర్టులో పనిచేసేవాడు, ఊళ్లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు. రెండు మందులు ఇచ్చారు. తగ్గకపోతే ఇంకొకటి కలిపారు. మళ్లీ తగ్గకపోతే దాన్ని తీసి వేరొకటి పెట్టారు. ఓడుతున్న మందుల వరుసకి ఒక్కొక్క మందు చేర్చడమంటే, ఆ ఒక్క మందునీ ఒంటరిగా ఇచ్చినట్టే. మూడేళ్ల తర్వాత వాడి తెమడ మా ల్యాబుకే వచ్చింది. మందు కలిపిన ఎల్‌జే ట్యూబుల్లో ఏమీ మొలవకూడదు. మూడు ట్యూబుల్లోనూ మొలిచాయి. మందు లేని ట్యూబులో ఎంత ఒత్తుగా పెరిగాయో, వీటిలోనూ అంతే ఒత్తుగా. ఆ ర్యాకు చేతిలో పట్టుకుని నేను చాలాసేపు నిలబడిపోయాను. 1999లో వాడు పోయాడు. రెసిస్టెన్స్ అనే మాట నాకు పుస్తకంలో మాట కాదు.

ఈ మార్పుల వరుసలో ఒక క్రమం ఉంది. వేల జీనోముల్ని చూస్తే చాలా సందర్భాల్లో ముందు కాట్‌జీ అనే జన్యువులో 315వ స్థానం మారి ఐసోనియాజిడ్ పనిచేయడం పోతుంది. ఆ తర్వాత ఆర్‌పీఓబీ అనే జన్యువులో మార్పు వచ్చి రిఫాంపిసిన్ పోతుంది. మీ నాన్నగారి సీబీనాట్ చూసింది ఆ ఆర్‌పీఓబీలోని 81 అక్షరాల చిన్న భాగాన్నే. అంటే ఐసోనియాజిడ్ సంగతి ఆ రిపోర్టు చెప్పలేదు. రిఫాంపిసిన్ పోయిన క్రిముల్లో ఎక్కువవాటికి ఐసోనియాజిడ్ కూడా పోయి ఉంటుంది, కానీ అన్నిటికీ కాదు. దానికి ఎల్‌పీఏ అనే ఇంకో జన్యుపరీక్ష చేస్తారు.

ఒకప్పుడు మేమంతా ఒక ఆశలో ఉండేవాళ్లం. ఆర్‌పీఓబీ క్రిమి బతకడానికి కావలసిన జన్యువు కాబట్టి, అది మారితే క్రిమి బలహీనపడుతుంది, ఇంకొకరికి పెద్దగా అంటదు అని. కొన్ని మార్పుల విషయంలో అది నిజమే. కానీ రోగుల్లో ఎక్కువగా కనిపించే మార్పు క్రిమికి పెద్ద భారం కాదు. పైగా కాలక్రమంలో ఆర్‌పీఓసీ అనే పక్క జన్యువులో ఇంకో చిన్న మార్పు వచ్చి ఆ కాస్త కుంటినీ సరిచేస్తుంది. అలా సర్దుకున్న రెసిస్టెంట్ క్రిమి మామూలు క్రిమిలాగే ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఈ మాట మీ ఇంటి గొడవకి నేరుగా సంబంధించింది, వస్తున్నాను.

బీజింగ్ రకం గురించి క్లుప్తంగా. అది మన దేశంలో ఉంది, ఈశాన్య రాష్ట్రాల్లోనూ ముంబయి లాంటి నగరాల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. రెసిస్టెంట్ టీబీలో దాని వాటా చాలా దేశాల్లో ఎక్కువ. వియత్నాంలో చూస్తే అక్కడి పాత మొదటి వంశం కన్నా ఇది చురుగ్గా పాకుతోంది. విశాఖ లాంటి ఓడరేవు ఊరికి, దేశం నలుమూలల నుంచి మనుషులొచ్చే స్టీల్ ప్లాంటు ఊరికి అన్ని వంశాలూ వస్తాయి. అయితే మీ నాన్నగారికి ఉన్నది బీజింగ్ రకమా కాదా అన్నది తెలిసినా వైద్యం దాన్ని బట్టి మారదు. ఏ మందుకి లొంగుతుందో, దేనికి లొంగదో అదే ముఖ్యం. ఈ టెన్షన్ మీరు పెట్టుకోకండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. 2013 నుంచి ఇప్పటికి పన్నెండేళ్ల పైన. ఏడాదికి అర అక్షరం చొప్పున పాత క్రిమే లోపల పడుకుని లేచి ఉంటే, అప్పటి క్రిమికీ ఇప్పటి క్రిమికీ అయిదారు అక్షరాల తేడా ఉండాలి, లేదా ఇంకా తక్కువ. కొత్తగా ఇంకొకరి నుంచి అంటుకుని ఉంటే తేడా సాధారణంగా వందల్లో ఉంటుంది. అంత తేలిగ్గా తేలిపోయే లెక్క ఇది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దగ్గర ఒకసారి నయమై మళ్లీ టీబీ వచ్చిన 16 మంది పాత, కొత్త క్రిముల్ని ఆనాటి వేలిముద్రల పద్ధతితో పోల్చి 1999లో ప్రచురించారు. 12 మందిలో రెండోసారి వచ్చింది వేరే క్రిమి! అది టీబీ విపరీతంగా ఉన్న ప్రాంతం, అన్నిచోట్లా అలా ఉండదు. మన దక్షిణాదిలో చేసిన అధ్యయనంలో హెచ్ఐవీ లేనివాళ్లలో ఎక్కువగా పాతదే తిరగబెట్టింది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ఎక్కువగా కొత్తది అంటింది.

కానీ ఈ పోలికకి 2013 నాటి క్రిమి కావాలి. అప్పుడు మామూలు రోగుల తెమడని మైక్రోస్కోపులో చూసి పారేసేవాళ్లం. దాచిపెట్టేవాళ్లం కాదు. మీ నాన్నగారి పాత క్రిమి ఇప్పుడు ఎక్కడా లేదు. కాబట్టి ఆయన మానేయడం వల్లే ఈ రెసిస్టెన్స్ వచ్చిందని రుజువు చేసే దారి ఎవరికీ లేదు. ఇంట్లో గొడవపడేవాళ్లకి ఈ మాట చదివి వినిపించండి.

రుజువు లేకపోవడం ఒక్కటే కాదు. రెసిస్టెంట్ టీబీ మనిషి నుంచి మనిషికి నేరుగా అంటుకోవడమే ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా జరుగుతోంది. ఇంతకుముందు టీబీ మందులు వాడినవాళ్లలో కూడా చాలామందికి అది బయటి నుంచే వచ్చి ఉంటుందని అంచనాలు చెబుతున్నాయి. కిటికీలు మూసిన బస్సులో, పని దగ్గర, ఆసుపత్రి వరండాలో, ఎక్కడైనా కావచ్చు. ఆయన అప్పుడు మాత్రలు మానేయడం మంచిపని కాదు. మిగిలిన క్రిములు లేవడానికి అది దారి ఇస్తుంది. అయితే ఆ రోజుల్లో రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు గుప్పెడు మాత్రలు మింగించేవారు. వాంతులు, కడుపులో మంట, కూలి పోవడం. రోజూ వాడే పద్ధతి దేశమంతా వచ్చింది 2017లోనే. నాలుగు నెలలకి దగ్గు తగ్గి ఒళ్లు వచ్చాక ఆగిపోయినవాళ్లని నేను వేలల్లో చూశాను. వాళ్లు మొండివాళ్లు కాదు, అలసిపోయినవాళ్లు. ఇప్పుడు ఇంట్లో వాళ్లు నిందిస్తే, ఆ మనిషి మళ్లీ మాత్రలు దాచేస్తారు. అది నేను చూసిందే.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. వాల్తేరులోని ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రిలో రెసిస్టెంట్ టీబీని చూసే డాక్టర్లున్నారు. మందులన్నీ ఉచితం. ఐసోనియాజిడ్‌కీ, మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినలోన్ మందులకీ ఎల్‌పీఏ చేశారా అని అడగండి. ఇంతకుముందు రెసిస్టెంట్ టీబీకి ఏడాదిన్నర, రెండేళ్లు వైద్యం, నెలలకొద్దీ ఇంజెక్షన్లు. వాటివల్ల చెవుడు వచ్చినవాళ్లు ఎందరో. ఇప్పుడు బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి ఆరు నెలల మాత్రల వైద్యాన్ని మన దేశంలో 2024లో అనుమతించారు. ఇంజెక్షన్ లేదు. మీ నాన్నగారికి అది సరిపడుతుందా లేదా డాక్టర్లు చూస్తారు. లినెజోలిడ్ వల్ల కాళ్లు తిమ్మిర్లు, రక్తం తగ్గడం, చూపు మసకబారడం రావొచ్చు. వస్తే దాచుకోకుండా వెంటనే చెప్పాలి.

ఇక్కడ మన మొదటి వంశం మళ్లీ గుర్తొస్తోంది. ల్యాబు పరీక్షల్లో ప్రెటోమానిడ్ మిగతా వంశాల మీద పనిచేసినంత తక్కువ మోతాదులో మొదటి వంశం మీద పనిచేయలేదు, కాస్త ఎక్కువ కావలసివచ్చింది. అలాగని ఆ మందు మనవాళ్లకి పనికిరాదని కాదు. రోగుల్లో దాని ప్రభావం ఎంత అన్నది మన దక్షిణాది రోగుల్లోనే చూసి తేల్చాలి. నేను ఇంకా ఉద్యోగంలో ఉంటే నా బెంచీ మీద మొదట పెట్టుకునే పని అదే. వేరే ఖండాల క్రిముల మీద చేసిన లెక్కతో సరిపెట్టుకోవడం, ఐఎస్6110 వేలిముద్రల్లో ఒకసారి చూసిన తప్పే అవుతుంది.

ఇంట్లో ఉన్న అందరూ, ముఖ్యంగా పిల్లలు, పరీక్ష చేయించుకోండి. నాన్నగారి గదికి గాలి వచ్చేలా కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గేటప్పుడు మాస్కు. కంచాలూ గ్లాసులూ వేరు పెట్టక్కర్లేదు, గిన్నెల ద్వారా ఇది అంటదు. టీబీ రోగుల్ని నమోదుచేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదైతే తిండి కోసం నెలకి వెయ్యి రూపాయలు ఆయన బ్యాంకు ఖాతాలో పడతాయి. గుడ్లు, పాలు, పప్పు పెట్టండి.

ఎల్‌పీఏ రిపోర్టు వచ్చాక పేరు, నంబర్లు కనబడకుండా చేసి, కాట్‌జీ, ఇన్హాఏ, జైర్ఏ అన్న మూడు వరుసల దగ్గర ఏం రాసి ఉందో మాత్రం నాకు పంపండి. ఇన్హాఏ ఒక్కటే మారి కాట్‌జీ బాగుంటే ఐసోనియాజిడ్ ఎక్కువ మోతాదులో కొంత పనికొస్తుంది. జైర్ఏ మారితే మాక్సిఫ్లాక్సాసిన్ సరిగా పనిచేయకపోవచ్చు, అప్పుడు దాన్ని తీసేసి మిగతా మూడు మందులతో నడిపించాలా అన్నది డాక్టర్లు చూస్తారు. ఆ వరుసలు చదవడం నాకు అలవాటే. డాక్టరుగారిని ఏం అడగాలో దాన్ని బట్టి చెబుతాను.